అబ్రహం వర్గీస్: వైద్యుడి చేతిలో చారిత్రక నవల

అబ్రహం వర్గీస్ (జననం: 1955 మే 30) భారతీయ మూలాలున్న అమెరికన్ వైద్యుడు, ఇంగ్లీషు నవలాకారుడు. కేరళ సిరియన్ క్రైస్తవ దంపతులకు ఇథియోపియాలో పుట్టి, మద్రాసులో డాక్టరు చదువు ముగించి, అమెరికాలో అంటువ్యాధుల నిపుణుడిగా స్థిరపడ్డారు. రచయిత అయింది ఆ తర్వాతే. 'కటింగ్ ఫర్ స్టోన్' (2009), 'ది కవనెంట్ ఆఫ్ వాటర్' (2023) అనే రెండు పెద్ద చారిత్రక నవలలు ఆయన ఖ్యాతికి ఆధారం. మొదటిది ఇథియోపియాలో మొదలై అమెరికాలో తేలే కథ. రెండోది 1900 నుంచి 1977 దాకా తిరువాన్కూరు, మద్రాసుల మధ్య నడుస్తుంది. రెండింటికీ ఆస్పత్రే ఆయువుపట్టు. వలస పాలన గురించి రాసిన నవలల్లో సాధారణంగా కనిపించే కోటలు, కచేరీలు, ఊరేగింపులు వీటిలో తక్కువ. పరాయి పాలన, కులం, ప్రవాసం మనిషి ఒంటి మీద ఏ గుర్తు వదిలి వెళ్లాయో చూడడమే ఈ రచయిత పని.

పుట్టిన దేశం, చదివిన దేశం

వర్గీస్ తల్లిదండ్రులు ఇద్దరూ ఉపాధ్యాయులు. చక్రవర్తి హైలె సెలాసీ తన దేశంలో కొత్తగా తెరుస్తున్న బడుల కోసం కేరళ నుంచి చాలామంది పంతుళ్లను రప్పించుకున్నాడు. ఆ కోవలో వెళ్లిన కుటుంబం వీరిది. ముగ్గురు కొడుకుల్లో అబ్రహం రెండోవాడు. ఇంట్లో మలయాళం, బడిలో ఇంగ్లీషు, వీధిలో అమ్హారిక్. ఇథియోపియన్ల కంటికి అతను భారతీయుడు. సెలవులకు కేరళ వెళితే అక్కడివాళ్లకు ఆఫ్రికా నుంచి వచ్చిన పిల్లవాడు. ఈ రెండు చూపుల మధ్య పెరిగిన అనుభవం ఆయన నవలల్లో ప్రతి ముఖ్య పాత్రకూ ఏదో ఒక రూపంలో సంక్రమించింది.

డాక్టరు కావాలన్న కోరిక పుట్టించింది ఒక నవల. సోమర్సెట్ మామ్ 1915లో ప్రచురించిన 'ఆఫ్ హ్యూమన్ బాండేజ్' చదివాకే వైద్యం వైపు మనసు తిరిగిందని వర్గీస్ ఎన్నోసార్లు చెప్పుకున్నారు. అందులో కథానాయకుడు పుట్టుకతోనే పాదం వంకర ఉన్నవాడు. చిత్రకారుడు కాలేక వైద్యం చదువుతాడు. మామ్ కూడా లండన్‌లో వైద్యం చదివి వదిలేసినవాడే.

అడిస్ అబాబాలో వైద్య విద్య మొదలుపెట్టిన వర్గీస్ చదువు మూడో ఏటికి చేరేసరికి 1974 వచ్చింది. సైనికాధికారుల 'దెర్గ్' సెలాసీని దించేసింది. విశ్వవిద్యాలయం మూతపడింది. తోటి విద్యార్థుల్లో కొందరు జైళ్లకు, కొందరు అడవులకు వెళ్లారు. దరిమిలా ఇథియోపియా ప్రధానమంత్రి అయిన మెలెస్ జెనావి కూడా ఆ రోజుల్లోనే అదే వైద్య కళాశాల వదిలి గెరిల్లాల్లో కలిసిన కుర్రాడు. వర్గీస్ మాత్రం అప్పటికే అమెరికా చేరిన తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లిపోయారు.

అక్కడ వైద్య కళాశాలలో చోటు దొరకలేదు. ఆస్పత్రుల్లో, వృద్ధుల శరణాలయాల్లో రోగులను కడిగి, పక్కలు మార్చే వార్డు సహాయకుడిగా పనిచేశారు. ఒక రాత్రి డ్యూటీలో ఎవరో వైద్య విద్యార్థి మరచిపోయిన హారిసన్ పాఠ్యపుస్తకం కంటపడిందనీ, ఆగిపోయిన చదువు ఎలాగైనా పూర్తి చేయాలన్న పట్టుదల అప్పుడే కలిగిందనీ ఆయన చెబుతారు. వార్డు బాయ్‌గా గడిపిన ఆ కాలం వృథా పోలేదు. డాక్టరు రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాక రోగి పక్కన మిగిలిన ఇరవై మూడు గంటలు ఎలా గడుస్తాయో తెలిసిన నవలాకారులు అరుదు.

చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చోటు దొరికి 1979లో పట్టా పుచ్చుకున్నారు. స్కానింగులు లేని వార్డుల్లో, వేళ్లతో తట్టి, చెవితో విని, ముక్కుతో వాసన పట్టి రోగం చెప్పగలిగిన గురువులు అక్కడ దొరికారు. రోగిని తాకి పరీక్షించడం అనే ఆ పాత విద్యను ఆయన ఎన్నడూ వదల్లేదు.

జాన్సన్ సిటీ

1980లో వర్గీస్ అమెరికా తిరిగి వెళ్లారు. విదేశీ పట్టా ఉన్న డాక్టర్లకు పేరున్న ఆస్పత్రులు తలుపు తీయని రోజులవి. టెనెసీ రాష్ట్రంలో కొండల నడుమ ఉన్న జాన్సన్ సిటీ అనే చిన్న ఊళ్లో రెసిడెన్సీ చేశారు. బోస్టన్‌లో అంటువ్యాధుల మీద ప్రత్యేక శిక్షణ పొంది, 1985లో మళ్లీ ఆ ఊరికే వచ్చారు. ఎయిడ్స్ న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కోల జబ్బు అని అందరూ అనుకుంటున్న సమయమది. అంత చిన్న ఊళ్లో అలాంటి రోగి ఒకడో ఇద్దరో ఉంటే ఎక్కువ. కానీ కొన్నేళ్లలో ఆయన చూస్తున్న రోగులు ఎనభై మంది దాకా తేలారు. ఎలా వచ్చారు వీళ్లంతా?

ఇంటింటికీ వెళ్లి, ఒక పటం పరచి, ఒక్కొక్కరు ఎక్కడ పుట్టారో, ఎక్కడెక్కడ బతికారో గుర్తులు పెట్టుకుంటూ పోయాక కథ బయటపడింది. యవ్వనంలో తమ స్వలింగ ప్రేమను దాచుకోలేక ఊరు విడిచి నగరాలకు పోయినవాళ్లు, జబ్బు ముదిరాక అమ్మ దగ్గర కన్నుమూయడానికి ఇల్లు చేరుకున్నారు. ఇది వైద్య పత్రికలో పరిశోధనా వ్యాసంగా వచ్చింది. అయితే పట్టికల్లో, శాతాల్లో ఆ మనుషులు ఇమడలేదని ఆయనకు అనిపించింది. స్థిరమైన ఉద్యోగం వదులుకుని, పదవీ విరమణ కోసం దాచుకున్న సొమ్ము తీసి, భార్యాపిల్లలతో అయోవా వెళ్లి అక్కడి సుప్రసిద్ధ రచనా శిక్షణాలయంలో చేరారు. 1991లో అక్కడ పట్టా పొందారు.

అయోవా తర్వాత టెక్సస్‌లోని ఎల్ పాసోలో పనిచేస్తూ రాసిన మొదటి పుస్తకం 'మై ఓన్ కంట్రీ' (1994). ఇది నవల కాదు, జాన్సన్ సిటీ జ్ఞాపకం. మీరా నాయర్ దీన్ని 1998లో సినిమాగా తీశారు. అదే ఏడు వచ్చిన 'ది టెన్నిస్ పార్ట్‌నర్' మత్తుమందుకు బానిసైన ఒక వైద్య విద్యార్థితో స్నేహం గురించినది. 'మై ఓన్ కంట్రీ' అన్న పేరు పైకి కనిపించేంత నిబ్బరమైనది కాదు. తమ ఊరికే పరాయివాళ్లైన రోగులు, ఏ ఊరూ తనది కాని డాక్టరు ఎదురెదురుగా కూర్చున్న గదికి పెట్టుకున్న పేరది.

కేస్ హిస్టరీ నుంచి కాల్పనిక చరిత్రకు

వర్గీస్ నవలల నిర్మాణం అర్థం కావాలంటే డాక్టర్లు 'హిస్టరీ తీసుకోవడం' అనే పనిని గుర్తు చేసుకోవాలి. ఇప్పటి బాధ ఏమిటి, ఎప్పుడు మొదలైంది, ఇంతకుముందు ఏ జబ్బులు వచ్చాయి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఏ పని చేస్తారు, ఎక్కడ పెరిగారు అని వరసగా అడుగుతారు. జవాబులన్నీ కలిపి చదివితేనే రోగం చిక్కుతుంది. ఆయన నవలలు అక్షరాలా ఈ క్రమంలోనే నడుస్తాయి. మొదట ఒక లక్షణం కనిపిస్తుంది. దాని మూలం వెతుక్కుంటూ కథ ఒక తరం, రెండు తరాలు వెనక్కి పోతుంది. మధ్యలో సామ్రాజ్యాలు, యుద్ధాలు, తిరుగుబాట్లు తగులుతాయి. చారిత్రక నవల రాసేవారు మామూలుగా కాలాన్ని ముందు ఎంచుకుని మనుషులను అందులో దించుతారు. వర్గీస్ ఒంటి నుంచి కాలంలోకి వెళతారు. అందుకే ఆ నవలల్లో రాజకీయ ఘటనలు కొన్నిచోట్ల పలచగా కనిపించినా, ఒక శస్త్రచికిత్స జరిగే అరగంట మాత్రం ఇరవై పేజీల పాటు ఊపిరి బిగబట్టి చదివిస్తుంది.

కటింగ్ ఫర్ స్టోన్

పేరు హిపోక్రటీస్ ప్రమాణంలో మూత్రాశయపు రాళ్లకు కత్తి పెట్టబోమన్న మాటను తలపిస్తుంది. కథలోని సర్జన్ ఇంటిపేరు కూడా స్టోనే.

1947లో ఒక మలయాళీ సన్యాసిని, నర్సు, సిస్టర్ మేరీ జోసెఫ్ ప్రెయిజ్ మద్రాసు నుంచి ఏడెన్‌కు ఓడలో బయలుదేరుతుంది. ఓడలో టైఫస్ ప్రబలుతుంది. అక్కడ థామస్ స్టోన్ అనే ఆంగ్ల సర్జన్‌కు ఆమె సేవ చేస్తుంది. ఇద్దరూ అడిస్ అబాబాలోని ఒక మిషన్ ఆస్పత్రికి చేరతారు. 'మిషన్' అన్న మాట స్థానికుల నోట 'మిస్సింగ్' అయి అదే ఆస్పత్రి పేరుగా స్థిరపడుతుంది. 1954లో ఆమె కవలలను కని కన్నుమూస్తుంది. తండ్రి స్టోన్ ఆ రాత్రే పారిపోతాడు. తలల దగ్గర సన్నని కండతో అతుక్కుని పుట్టిన ఆ బిడ్డలను వెంటనే వేరుచేస్తారు. మారియన్, శివ అనే ఆ ఇద్దరినీ మద్రాసు నుంచి వచ్చిన స్త్రీవైద్యురాలు హేమ, ఆమె సహచరుడు ఘోష్ పెంచి పెద్ద చేస్తారు.

రెండుగా కోసిన ఒకే శరీరం అనే ఊహ ఈ నవలకు వెన్నెముక. సగం భారతీయులు, సగం ఆంగ్లేయులు, పుట్టుకతో ఇథియోపియన్లు, పెంపకంలో మళ్లీ భారతీయులు. వాళ్ల ద్వంద్వాన్ని రచయిత ఉపన్యాసంగా చెప్పకుండా పుర్రె మీది మచ్చగా చూపించారు. మారియన్ సర్జన్ అవుతాడు. శివ పట్టా లేకుండానే, ప్రసవంలో చీలికపడి మూత్రం అదుపు తప్పిన పల్లె ఆడపిల్లలకు శస్త్రచికిత్స చేసే నిపుణుడవుతాడు. ఈ భాగానికి నేపథ్యం నిజ చరిత్రలో ఉంది. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల నుంచి 1959లో అడిస్ అబాబాకు వచ్చిన కేథరీన్, రెజినాల్డ్ హామ్లిన్ దంపతులు ఇలాంటి స్త్రీల కోసమే ఒక ఆస్పత్రి కట్టారు.

వలస పాలన ఈ నవలలో వంకర దారిన వస్తుంది. ఇథియోపియా 1896లో అద్వా యుద్ధంలో ఇటలీని ఓడించి స్వతంత్రంగా నిలిచిన దేశం. 1936 నుంచి 1941 దాకా ముస్సోలినీ సైన్యం ఆక్రమించినా పూర్తిగా లొంగలేదు. పక్కనున్న ఎరిత్రియా మాత్రం 1890 నుంచి ఇటలీ వలస. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని 1952లో ఇథియోపియాతో సమాఖ్యగా కలిపారు. 1962లో హైలె సెలాసీ ఆ సమాఖ్యను రద్దు చేసి పూర్తిగా కలిపేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ల యుద్ధం తర్వాత 1993లో గానీ ఎరిత్రియా స్వతంత్రం కాలేదు. తెల్లవాడిని ఓడించామని గర్వించే దేశం తానే మరో జాతిని అణచడం ఈ నవల లోపలి చేదు. కవలలతో పాటు పెరిగిన ఎరిత్రియా పిల్ల జెనెట్ ఆ చేదుకు రూపం. వైద్య విద్య వదిలి గెరిల్లాల్లో చేరుతుంది. ఒక విమానం హైజాక్‌లో ఆమె పేరు బయటపడడంతో, 1979లో మారియన్ ప్రాణాలు దక్కించుకుని దేశం దాటాల్సి వస్తుంది. అంగరక్షక దళం 1960 డిసెంబరులో చక్రవర్తి మీద చేసిన విఫల తిరుగుబాటు ఛాయలు కూడా కథలో ఉన్నాయి. తిరుగుబాటు నాయకుడికి స్నేహితుడైన పాపానికి ఘోష్ జైలు పాలవుతాడు.

మిషన్ దాతృత్వం మీద రచయిత విసిరిన చురక కూడా చెప్పుకోవాలి. మందులకు డబ్బు చాలని ఆస్పత్రికి అమెరికా నుంచి దాతలు పెట్టెల కొద్దీ బైబిళ్లు పంపుతుంటారు. ఇథియోపియా 4వ శతాబ్దిలోనే క్రైస్తవం పుచ్చుకున్న దేశం. ఆ సంగతిని ఆస్పత్రి మేట్రన్ అమెరికా నుంచి వచ్చిన దాతకు మర్యాద తప్పకుండానే తెలియజెప్పే ఘట్టం నవలలోని మంచి హాస్యాల్లో ఒకటి.

చివరి భాగం న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక బీదల ఆస్పత్రిలో నడుస్తుంది. రోగులంతా నల్లవాళ్లు, లాటిన్ అమెరికన్లు. డాక్టర్లంతా భారత్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాలవాళ్లు. బోస్టన్‌లోని పెద్ద ఆస్పత్రి నుంచి అవయవాలు తీసుకుపోవడానికి మాత్రం హెలికాప్టరు వస్తుంది. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చేసి 1970ల తర్వాత అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లకు ఈ అధ్యాయాలు కల్పనలా అనిపించవు. విదేశీ డాక్టర్లు ఒకరి వెనక ఒకరు నడిచిన ఈ బాట గురించి వర్గీస్ 1997లో న్యూయార్కర్ పత్రికలో ఒక వ్యాసం కూడా రాశారు. అమెరికన్లు ఇష్టపడని ఊళ్లలో, ఆస్పత్రుల్లో ఖాళీలు నింపేది వీళ్లే.

జెనెట్ నుంచి సోకిన కామెర్ల వైరస్‌తో మారియన్ కాలేయం చెడిపోతుంది. శివ తన కాలేయంలో కొంత ఇస్తాడు. ఆ ఆపరేషన్‌లో పారిపోయిన తండ్రి కూడా కత్తి పడతాడు. అప్పటికి ఎవరూ చేసి ఎరగని శస్త్రచికిత్స అది. మారియన్ బతుకుతాడు, శివ మెదడులో నెత్తురు చిమ్మి చనిపోతాడు. విడదీసిన కవలలు ఇలా తిరిగి ఒకే ఒంట్లో కలుస్తారు. ఇంత పొందిక కుదరడం కొందరికి మహాద్భుతంగా, కొందరికి సినిమా ఫక్కీగా తోచింది. నిజానికి ఈ రెండు మాటలూ నిలుస్తాయి.

ది కవనెంట్ ఆఫ్ వాటర్

వర్గీస్ తల్లి మరియంను మనవరాలు ఒకసారి, చిన్నప్పుడు నీ బతుకెలా ఉండేదని అడిగింది. దానికి జవాబుగా ఆమె కేరళ బాల్యాన్ని బొమ్మలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి ఇచ్చారు. రెండో నవలకు విత్తనం ఆ పుస్తకం. నవల అంకితమూ ఆమెకే. ఏడు వందల పైచిలుకు పేజీల ఈ కథ 1900లో, పన్నెండేళ్ల పిల్లను నలభై ఏళ్ల భార్యావిహీనుడికి ఇచ్చి పెళ్లి చేయడంతో మొదలవుతుంది. పరంబిల్ అనే భూస్వామి ఇంట ఆ పిల్ల కాలక్రమేణా పెద్ద అమ్మచ్చి అవుతుంది. వాళ్లది వాగులు, బ్యాక్‌వాటర్ల మధ్య ఊరు. అయినా ఆ వంశంలో తరానికొకరు నీళ్లలో మునిగి చనిపోతుంటారు. నీళ్లంటే వాళ్లకు ఒళ్లు జలదరించే భయం. దాన్ని ఇంట్లోవాళ్లు శాపంగా దాచుకుంటారు, వంశవృక్షంలో మునిగిపోయినవాళ్ల పేర్ల పక్కన గుర్తు పెట్టుకుంటారు.

మూడో తరంలో మరియమ్మ అనే మనవరాలు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరుతుంది. రైలు ప్రమాదంలో నదిలో పడి చనిపోయిన ఆమె తండ్రి, అమ్మచ్చి కొడుకు ఫిలిపోస్ శవపరీక్షలో శాపం గుట్టు విడుతుంది. చెవి నరం మీద పెరిగే ఒక వంశపారంపర్య కణితి అది. వినికిడిని, నిలకడను తినేస్తుంది. కళ్లు మూసినా, చుట్టూ నీళ్లు కమ్మినా ఏది పైనో ఏది కిందో తెలియదు. డెబ్బై ఏళ్లు ఇంటి గుట్టుగా నడిచిన దానికి వైద్యశాస్త్రం ఒక పేరు పెడుతుంది. పేరు పెట్టినంత మాత్రాన దుఃఖం పోదని కూడా నవలకు తెలుసు. రోగనిర్ధారణ ఇంత పెద్ద నవలకు పతాక సన్నివేశం కావడం అరుదు. వర్గీస్ పద్ధతికి ఇంతకంటే మంచి నమూనా లేదు.

మద్రాసు: వార్డుల్లో వర్ణభేదం

ఈ కథకు సమాంతరంగా నడిచేది డిగ్బీ కిల్‌గౌర్ కథ. గ్లాస్గోలో పేద కేథలిక్ కుటుంబంలో పుట్టినవాడు. మతం, వర్గం అడ్డుపడి స్వదేశంలో సర్జన్‌గా ఎదగలేక 1930లలో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు వస్తాడు. ఓడ దిగిన క్షణం నుంచీ అతని స్థానం తారుమారవుతుంది. నిన్నటిదాకా తక్కువవాడు, ఇవాళ దొర. వార్డులు వేరు, మంచాలు వేరు, నర్సుల మర్యాద వేరు. తనమీద నడిచిన అణచివేతను ఇప్పుడు తానే నడిపే పక్షాన ఉన్నానన్న స్పృహ అతన్ని కుదురుగా ఉండనివ్వదు. వలస పాలకుల్లోనూ వర్గాలున్నాయని, ఆ వర్గభేదం ఓడ దిగగానే చర్మం రంగు కింద దాగిపోతుందని చెప్పడానికి ఈ పాత్ర అక్కరకొచ్చింది. అతని పై అధికారి తెల్ల సర్జన్ తాగుబోతు, పని రానివాడు. ఒక ఆంగ్లో-ఇండియన్ యువకుడి మెడ మీద ఉబ్బిన రక్తనాళాన్ని చీముగడ్డ అనుకుని కోయగా ఆ కుర్రాడి ప్రాణం పోతుంది. ఆ తప్పును కప్పిపుచ్చే తతంగం చుట్టూ రాసిన పేజీల్లో వర్గీస్ వ్యంగ్యం పదునుగా ఉంటుంది.

ఇండియన్ మెడికల్ సర్వీస్‌కు 18వ శతాబ్ది నుంచీ సైనిక వారసత్వం ఉంది. 1855లో లండన్ పోటీ పరీక్షల ద్వారా భారతీయులకూ తలుపు తీశారు. కానీ చాలాకాలం దాకా పెద్ద కుర్చీలు తెల్లవారివే. మన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇక్కడ గుర్తుకొస్తుంది. భీమవరంలో పుట్టి మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఆయన గాంధీ పిలుపు విని ఖద్దరు శస్త్రచికిత్స దుస్తులు తొడిగారు. ఆ కోపంతో సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ అడ్డుతగిలాడు. ఫలితంగా ఎంబీబీఎస్ బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1923లో ఆయన అమెరికా వెళ్లిపోయారు. అంటే డిగ్బీ లాంటి వాళ్లు ఓడ దిగడానికి పదేళ్ల ముందే, అదే నగరం నుంచి ఒక మేధావి ఓడెక్కి వెళ్లాడన్నమాట. వర్గీస్ డిగ్బీ ప్రయాణాన్ని కన్నార్పకుండా చూశారు. సుబ్బారావు లాంటి వాళ్ల ప్రయాణం ఆయన నవలలో లేదు, ఉండుంటే బాగుండేది.

అగ్నిప్రమాదంలో డిగ్బీ చేతులు కాలిపోతాయి. చేతులు పోయిన సర్జన్‌ను చేరదీసేది తిరువాన్కూరు వైపు కుష్ఠు ఆశ్రమం నడిపే స్వీడన్ డాక్టరు రూనె ఓర్క్విస్ట్. కుష్ఠులో నరాలు చచ్చి, వేళ్లు వంకర్లు పోయిన రోగుల మధ్య ఒక తెల్ల సర్జన్ తన వేళ్లు తిరిగి వంచడం నేర్చుకుంటాడు. చేయి పట్టుకుని బొమ్మ వేయించేది ఎల్సీ అనే చిన్నపిల్ల. ఆ పిల్లే ఎదిగి శిల్పి అవుతుంది, ఫిలిపోస్‌ను పెళ్లాడుతుంది, ఒకనాడు మాయమవుతుంది. ఆమె నదిలో పడిపోయిందని లోకం అనుకుంటుంది. నిజానికి కుష్ఠు సోకి, బిడ్డకు అంటకూడదని అదే ఆశ్రమంలో అజ్ఞాతంగా బతుకుతుంది. మరియమ్మకు అసలు తండ్రి డిగ్బీ అన్న నిజమూ చివర్లో తెలుస్తుంది. వంశవృక్షం కోసం బతికిన ఇంటికి ఆ బిడ్డ నెత్తురు బంధువు కాదు, అయినా ఆ ఇంటి రోగాన్ని కనిపెట్టింది ఆమే. అస్తిత్వం నెత్తురులో ఉందా, పెంపకంలో ఉందా అనే ప్రశ్నకు మొదటి నవలలో హేమ, ఘోష్‌ల ద్వారా చెప్పిన జవాబే ఇక్కడ మరింత సాహసంగా వినిపిస్తుంది.

కుష్ఠు ఆశ్రమాల చరిత్ర తెలుగు నేలకు కొత్త కాదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో మెథడిస్ట్ మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో నెలకొల్పిన ఆస్పత్రి దేశమంతటా పేరు పొందింది. 'అతడు అడవిని జయించాడు', 'మునెమ్మ' రాసిన డాక్టర్ కేశవరెడ్డి దశాబ్దాల పాటు వైద్యం చేసింది అక్కడే. కేశవరెడ్డి నవలలు చిన్నవి, వర్గీస్‌వి బాగా పెద్దవి. ఒకరు మాట పొదుపులో, మరొకరు మాట ప్రవాహంలో సిద్ధహస్తులు. సంఘం వెలివేసిన ఒంటిని రోజూ తాకిన చేయి మాత్రం ఇద్దరిదీ.

జోప్పన్ వేసిన లెక్క

ఈ నవలలో నాకు అన్నిటికంటే బరువుగా తోచిన పాత్ర డాక్టరు కాదు, తెల్లవాడు కాదు. జోప్పన్. పరంబిల్ ఇంట పులయ అనే దళిత కులపు పనివాడు షమువేల్ కొడుకు. ఫిలిపోస్‌తో కలిసి ఆడిపాడి పెరిగాడు. కానీ బడి మెట్టు దగ్గర ఆగిపోయాడు. సిరియన్ క్రైస్తవులు తమ పూర్వికులకు సాక్షాత్తూ సెయింట్ థామస్ బాప్తిస్మం ఇచ్చాడని చెప్పుకునేవాళ్లు. ఏసును నమ్మినా కులాన్ని వదలనివాళ్లు. షమువేల్ చనిపోయాక ఫిలిపోస్ ఎంతో ఉదారంగా, భూమి ఇస్తాను, నా పొలం చూసుకో అని జోప్పన్‌ను అడుగుతాడు. జోప్పన్ చల్లగా లెక్క చెబుతాడు. అడవి నరికి ఈ పొలం తీర్చిన చేతులు మా నాన్నవి. అవి నీ బంధువులవైతే ఎంత వాటా వచ్చేది? ప్రేమగా చూసుకున్నామని యజమాని నమ్మకం. వంటింటి బయట కూర్చోబెట్టి అన్నం పెట్టారని పనివాడి జ్ఞాపకం. మేం వాళ్లను బాగుచేశాం అన్న తెల్లవాడి మాటకూ, ఈ ఇంటివారి మాటకూ తేడా ఎంత?

వలస పాలనను విదేశీయుల నేరంగా మాత్రమే చూపి చేతులు దులుపుకోకుండా, ఇంటి పెరటిలోకి తెచ్చిన ఈ సన్నివేశం పుస్తకంలో అత్యుత్తమం. అయితే రచయిత ఇక్కడ ఎక్కువసేపు నిలవలేదు. కథ మళ్లీ అమ్మచ్చి ప్రార్థనల్లోకి, ఆస్పత్రి నిర్మాణంలోకి వెళ్లిపోతుంది. కులం మీద కోపంతో నక్సలైటుగా మారే లెనిన్ అనే కుర్రాడి కథ కూడా వాయనాడ్ కొండల్లో ఆసక్తికరంగా మొదలై, చివరకు అతని మెదడులో అదే కణితి దొరకడంతో మళ్లీ ఆపరేషన్ బల్ల మీదికే చేరుతుంది. శ్రీకాకుళం ఉద్యమం మీద వచ్చిన తెలుగు కథలు, నవలలు చదివినవారికి ఈ భాగం పలచగా అనిపించడం సహజం.

ఇదే ఈ రచయిత మీద గట్టిగా నిలిచే విమర్శ. వైద్యం చేసే చేతులన్నా, మిషన్ ఆస్పత్రులన్నా ఆయనకు భక్తి. రూనె, డిగ్బీ, మేట్రన్, ఘోష్ అందరూ కరుణామయులు. చెడ్డవాళ్లు పనిచేతగాని సర్జన్లుగా వస్తారు తప్ప వ్యవస్థగా రారు. పన్నులు, కరువులు, తోటల కూలీల బతుకులు అంచుల్లోనే ఉండిపోతాయి. డిగ్బీ తర్వాతి రోజుల్లో కొండ మీద తోట యజమాని అవుతాడు. ఆ తోటలో పనిచేసినవాళ్ల కథ పాఠకుడు ఊహించుకోవాల్సిందే.

ఈ దారిలో ఇతరులు

డాక్టరు వలస పాలన మీద నవల రాయడం వర్గీస్‌తో మొదలవలేదు. ఫిలిప్పీన్స్ కంటి వైద్యుడు హోసే రిజాల్ 1887లో బెర్లిన్‌లో అచ్చువేసిన 'నోలి మీ తాంజెరే' స్పెయిన్ మతాధికారుల పాలనను ముదిరిన వ్రణంగా చూపింది. 1896 డిసెంబరు 30న మనీలాలో స్పెయిన్ ప్రభుత్వం ఆయన్ని కాల్చి చంపింది. పోర్చుగల్ మానసిక వైద్యుడు అంటోనియో లోబో అంటూనెస్ 1970ల మొదట్లో అంగోలా యుద్ధంలో సైనిక డాక్టరుగా పనిచేశాడు. 1988 నాటి ఒక నవలలో వాస్కో డ గామా వంటి నావికులను సామ్రాజ్యం కూలాక నిలువనీడ లేకుండా లిస్బన్ చేరిన కాందిశీకులుగా మార్చేశాడు. రిజాల్‌ది కోపం, అంటూనెస్‌ది అసహ్యం. వర్గీస్‌ది ఓదార్పు. ఆయన అమెరికాలో ఇంతగా అమ్ముడవడానికీ, సాహిత్య విమర్శకుల్లో కొందరు ఒక అడుగు దూరంగా ఉండడానికీ ఆ ఓదార్పే కారణం కావచ్చు.

ఆదరణ, ఇతర కృషి

'కటింగ్ ఫర్ స్టోన్' అమెరికాలో రెండేళ్లకు పైగా అత్యధిక విక్రయాల జాబితాలో నిలిచింది. ప్రతులు పది లక్షలు దాటాయి. 'ది కవనెంట్ ఆఫ్ వాటర్'ను ఓప్రా విన్‌ఫ్రీ తన పుస్తక బృందానికి ఎంపిక చేశారు. దాని శ్రవణ రూపాన్ని రచయితే చదివారు. మలయాళ ఉచ్చారణలూ, స్కాట్లాండ్ యాసా ఒకే గొంతులో వినాలంటే అది మంచి దారి. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య పద్నాలుగేళ్లు పట్టడానికి కారణం ఆయన ఉద్యోగం మానకపోవడమే.

శాన్ ఆంటోనియోలో వైద్య మానవీయ శాస్త్రాల కేంద్రాన్ని స్థాపించి, 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మారారు. రోగి మంచం మీద ఉండగా డాక్టర్లంతా కంప్యూటరు తెరలోని అతని ప్రతిరూపానికి వైద్యం చేస్తున్నారని 2008లో రాసిన వ్యాసం వైద్య ప్రపంచంలో పెద్ద చర్చ లేపింది. తాకి చూసి చేయాల్సిన 25 పరీక్షలను విద్యార్థులకు నేర్పే కార్యక్రమం స్టాన్‌ఫర్డ్‌లో ఆయన చొరవతోనే నడుస్తోంది. 2016లో అధ్యక్షుడు ఒబామా చేతుల మీదుగా 2015 సంవత్సరానికి జాతీయ మానవీయ శాస్త్రాల పతకం అందుకున్నారు. 2025 మే నెలలో హార్వర్డ్ స్నాతకోత్సవ వక్త ఆయనే. విదేశీ విద్యార్థుల విషయంలో అమెరికా ప్రభుత్వానికీ ఆ విశ్వవిద్యాలయానికీ వివాదం ముదిరిన వారాలవి. ఆ వేదిక మీద ఆయన ప్రవాసిగానే మాట్లాడారు, నవలలు చదవమని పట్టభద్రులకు చెప్పారు.